జట్టుకు పేరిచ్చింది మా అమ్మాయి, మాట తప్పింది నేను

అనంతపురంలో పిల్లల ఆటల గురించి తల్లిదండ్రులు మాట్లాడుకునే తీరు చూసి చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. ముందుగా నా తప్పు నేనే చెప్పుకుంటాను.

పోయిన సంవత్సరం ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి తరఫున అండర్‌-14 ఖోఖో జట్టుకు ఎంపికైంది. రెండు నెలల పాటు తెల్లవారుజామున ఐదున్నరకే లేచి, మమ్మల్ని లేపకుండా తానే జడ వేసుకుని మైదానానికి వెళ్లేది. సరిగ్గా పోటీ ఉన్న ఆదివారమే తాడిపత్రిలో మా చిన్నాయన మనుమడి నిశ్చితార్థం పడింది. జట్టులో పన్నెండు మంది ఉంటారు, ఆడేది తొమ్మిది మందే, ఒకరు లేకపోతే ఆట ఆగుతుందా అని నేను తేలికగా తీసిపారేశాను. "సారుకు ఏమని చెప్పల్ల నాయనా?" అని అది రెండుసార్లు అడిగింది. జ్వరమని చెప్పమన్నాను. పిల్లకు అబద్ధం నేర్పినవాణ్ణి నేనే.

పట్టులంగా కట్టుకుని బంతిలో కూర్చున్న పిల్ల విస్తట్లో ఓళిగ అలాగే ఉంది. ఒళ్లో నా ఫోను పెట్టుకుని, స్నేహితురాలి నుంచి కబురు వస్తుందేమోనని మాటిమాటికీ చూసుకుంటూ ఉంది. వచ్చిన కబురు ఓటమి.

ఎలా ఓడారో తరువాత అదే నాకు వివరించింది. ఖోఖోలో ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో ఆటగత్తె తరుముతూ వచ్చి వెనుక నుంచి తట్టి "ఖో" అంటేనే కూర్చున్న పిల్ల లేవాలి. అనకముందే లేస్తే ఫౌలు. వెనుక నుంచి వచ్చేది ఎవరో కనిపించదు కాబట్టి ఆ అడుగుల చప్పుడుకూ ఆ గొంతుకూ అలవాటు పడడానికే నెలల సాధన కావాలి. మా అమ్మాయి స్థానంలో కూర్చున్న పాప ఆ వరుసలో ఎప్పుడూ ఆడలేదు, తొందరపడి రెండుసార్లు ముందే లేచింది. రెండు నెలలు కష్టపడిన పదకొండు మంది పిల్లల శ్రమను నేను ఒక పూట భోజనానికి వదిలేశాను.

ఇక నాలాంటి వాళ్ల సంగతి. 2024 సెప్టెంబరులో మన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు జరిగినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఎండలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లమే మనం. నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి అనూష 2023లో భారత జట్టుకు ఆడితే మా జిల్లా బిడ్డ అన్నాము. 2025 నవంబరు 2న భారత మహిళలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన కడప శ్రీచరణి ఫొటోను అందరం స్టేటస్ పెట్టుకున్నాము. మన ఇంటి పిల్ల పొద్దున ఆరు గంటలకు సాధనకు బయలుదేరితే మాత్రం "ట్యూషన్ ఉంది కదా, ఈ రోజు మానెయ్" అంటాము. ఆదివారం ఫౌండేషన్ కోర్సు పరీక్షను పెళ్లి కోసం మాన్పించిన తండ్రిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆడపిల్ల తొమ్మిదో తరగతికి వచ్చిందంటే, జట్టు సాధన సగంలో ఉన్నా సరే, పేరు తీయించేస్తారు. వీళ్లే సంవత్సరం చివర వచ్చి సర్టిఫికెట్ ఇస్తారా, క్రీడా కోటాకు పనికొస్తుందా అని వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి నిలదీస్తారు. గీత పక్కన నిలబడి అంపైర్‌ను తిట్టే తండ్రుల గురించి రాస్తే మరో పోస్టు అవుతుంది.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. చెనక్కాయ పీకే రోజుల్లో ఇంట్లో మనిషి తక్కువై పిల్ల రాలేకపోతే దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అయితే మా అమ్మాయి జట్టులో కూలి చేసుకునే ఇళ్ల పిల్లలు నలుగురున్నారు. పక్క ఊళ్ల నుంచి సైకిళ్లపై వచ్చే వాళ్లు ఒక్క రోజూ ఆలస్యం కాలేదట. కారున్న నేనే కుంటిసాకు వెతికాను.

మరునాడు బడికి వెళ్లి సారుకు నిజం చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు గానీ, అమ్మాయిని రెండు వారాలు బయట కూర్చోబెట్టారు. వెంటనే నాకు కోపం వచ్చింది. తప్పు నాదైతే శిక్ష దానికేమిటని అడగబోయాను. మైదానం అంచున కూర్చుని మిగతావాళ్లకు నీళ్ల సీసాలు అందిస్తున్న పిల్ల నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. మాట్లాడకుండా తిరిగి వచ్చేశాను.

ఈ సంవత్సరం పోటీల తేదీలు తెలిసిన రోజునే వంటింటి క్యాలెండర్ మీద ఆ మూడు రోజుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. అందులో రెండో రోజే మా బావ గృహప్రవేశం. మేమిద్దరమే వస్తాము, పిల్ల రాదని ఫోన్ చేసి చెప్పాను. బావ ఇంకా అలకలోనే ఉన్నాడు.