సవరణ: సబ్‌మెరీన్ క్యాబిన్‌లో ఐసు లెక్క

ఇంట్లో తయారుచేసుకున్న, ఇద్దరు పట్టే సబ్‌మెరీన్‌లో క్యాబిన్‌ను చల్లగా ఉంచడానికి రెండు గంటలకు కిలో ఐసు చాలని ఇంతకుముందు రాశాం. అది తప్పు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఇద్దరికి రెండు గంటల్లో 1,440 కిలోజౌళ్లు. కిలో ఐసు కరుగుతూ తీసుకునేది 334 కిలోజౌళ్లు మాత్రమే, అంటే 4.3 కిలోల ఐసు కావాలి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే సోడా లైమ్ కూడా వేడెక్కుతుంది కాబట్టి 5 కిలోలు పెట్టుకోండి. ఇది గోరువెచ్చని నీటి లెక్క. చల్లటి నీటిలో లోహపు గోడే చాలా వేడిని లాగేస్తుంది.

ఐసును మూత బిగిసే అల్యూమినియం డబ్బాలో ఉంచి, దాని మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. డబ్బాకు పట్టే చెమ్మ బ్యాటరీ వైర్ల మీద కారకుండా కింద ట్రే ఉండాలి. డ్రై ఐస్ మాత్రం వద్దే వద్దు: ఆవిరైతే అది కార్బన్ డయాక్సైడే, మూసిన క్యాబిన్‌లో ప్రాణం తీస్తుంది.