పాత డబ్బాలు పారేయకండి

ఇంటిని పర్యావరణానికి మేలు చేసేలా మార్చుకోవడం గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, ఇంట్లో ప్లాస్టిక్ అంతా ఒకేసారి తీసేసి గాజు, స్టీలు కొనుక్కోమని రాశారు. ఉద్దేశం మంచిదే కానీ ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. బాగున్న డబ్బాని పారేస్తే చెత్త పెరుగుతుంది, దాని బదులు కొన్నదాని తయారీకి మళ్లీ కరెంటు, ముడిసరుకు ఖర్చవుతాయి. వేడివి పోయకుండా, పాడయ్యేదాకా వాడుకుంటేనే మేలు. పాత ఫిలమెంట్ బల్బుల సంగతి వేరు, వాటిని మాడిపోయేదాకా ఉంచక్కర్లేదు. అదే వెలుగుకి ఎల్‌ఈడీకి నాలుగో వంతు కన్నా తక్కువ కరెంటు చాలు.

మా ఇంట్లో ఇలాంటి మార్పుల్ని వంటింటి చెత్తతో మొదలుపెట్టాం. తడి, పొడి వేరు చేయడం అందరికీ అలవాటయ్యేసరికే రెండు నెలలు పట్టింది. ఆ తర్వాతే కంపోస్టు, అంటే తడి చెత్తని ఎరువుగా మార్చడం. మొదట్లో వాసన వచ్చి ఇంట్లో అందరూ వద్దన్నారు, నాకూ టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే తడి ఎక్కువై లోపల గాలి ఆడట్లేదు. తొక్కలు వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో రెండింతలు వేసి, వారానికోసారి కలియబెడుతుంటే వాసన పోయింది. ఈ కష్టం ఊరికే పోదండీ. డంపింగ్ యార్డులో గాలి తగలక కుళ్లే తడి చెత్త నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

పిల్లల్ని మాత్రం తిట్టి చేయించకండి. మా చిన్నదానికి కంపోస్టు కలిపే పని అప్పగించాం. ఇప్పుడు పొడి చెత్తలో తొక్క పడితే ముందు పట్టుకునేది తనే.