బొమ్మ వేసింది నేను, మార్కులు ఇంగ్లీషుకా?

మొన్న దేవరకొండ నుంచి ఒక పిలగాడు ఫోన్ చేశాడు, బీఎఫ్ఏ (బొమ్మల డిగ్రీ) ఆఖరి ఏడు. "అన్నా, ఎంఎఫ్ఏ పెయింటింగ్‌కి అప్లై చేస్తున్న, నీ కాన్సెప్ట్ నోట్ ఉంటే వాట్సాప్ చెయ్యి, కొంచెం మార్చి పెట్టుకుంట" అన్నాడు. ఎంఎఫ్ఏ అంటే ఆ డిగ్రీ పైన పీజీ, కాన్సెప్ట్ నోట్ అంటే బొమ్మల వెనక ఆలోచన ఏందో రాసిచ్చే కాగితం. ఎన్ని బొమ్మలు పెట్టాలి, ఏవి తీసెయ్యాలి అని ఒక్క ముక్క అడగలేదు. వాడి మీద కోపం రాలేదు. వాణ్ని ఆ గతికి తెచ్చిన మన ఆర్ట్ చదువుల మీద వచ్చింది. రెండేళ్ళు నేనూ ఆ చదువే చదివాను కాబట్టి ఇది రాస్తున్నా, పొడుగే, ఓపిక ఉంటే చదవండి.

మాది నల్లగొండ. నాయిన బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులు రాకముందు క్లాక్ టవర్ చుట్టుపక్కల చాలా షట్టర్ల మీద ఆయన చెయ్యే కనబడేది. సుద్దపొడి పట్టించిన దారం ఒక కొన నేను పట్టుకుంటే, రెండో కొన ఆయన పట్టుకొని లాగి వదిలేవాడు, టప్పున గీత పడేది. అక్షరాల ఒళ్ళంతా ముందు రాసుకొని, తలకట్లు మాత్రం ఆఖర్న ఊపిరి బిగబట్టి ఒక్క వరసలో కొట్టుకుంటూ పోయేవాడు. ఎందుకట్లా అంటే, "చెయ్యి ఊపుల ఉన్నప్పుడే అన్నీ ఒక్క తీరుగ వస్తయి" అనేవాడు. కాలేజీలో ఇదే సంగతిని రిథమ్ అని చెప్తే కొత్త విషయంలా నోట్స్ రాసుకున్నా, సిగ్గులేదు నాకు.

బీఎఫ్ఏ నాలుగేళ్ళు, ఆ పైన ఎంఎఫ్ఏ రెండేళ్ళు. "బొమ్మలకు గూడ గంత పెద్ద సదువు ఉంటదా బిడ్డా" అని మా పెద్దమ్మ. ఉంటుంది, ఉండాలి కూడా. ఇది చదివి ఎంఎఫ్ఏ దండగ అనుకోకండి. స్టూడియోలో ఒక మూల, పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే కాన్వాస్ ముందు కూర్చునే తీరిక, పక్కవాడి పని రోజూ చూసే అదృష్టం, ఇవి బయట ఎక్కడా దొరకవు. రంగులకు మాత్రం ఎప్పుడూ కటకటే. కాడ్మియం రెడ్ ఒక ట్యూబ్ కొన్న వారం బయట టీ తాగడం బంద్. అయిపోయిన ట్యూబుల్ని నిలువునా కత్తిరించి, బ్రష్ వెనక కొనతో గీక్కొని వాడిన బ్యాచ్ మాది.

కిరికిరి అంతా జ్యూరీ రోజున, అంటే ఎగ్జామినర్లు వచ్చి బొమ్మలు చూసి మార్కులేసే రోజున.

నా సిరీస్ పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మీద. మా టౌన్ పక్కనే, కందూరు చోడుల కాలం నాటి గుడి. అక్కడ గర్భగుడిలో లింగం మీద పడే స్తంభం నీడ పొద్దంతా జరగదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు, చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుగు వేసే నీడ. చాలాసేపు చూస్తే తెలుస్తుంది, అది నలుపు కాదని. అంచుల్లో సన్నగా పసుపు, నడుమ ఊదా కలిసిన బూడిద. ఆ ఒక్క రంగు కోసం ఆరు నెలలు తిప్పలు పడ్డా. నల్ల ట్యూబ్ ముట్టకుండా అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలుపుకుంటూ పన్నెండు కాన్వాసులు వేశా.

బయటి ఎగ్జామినర్ వచ్చి "వాట్ ఈజ్ యువర్ కాన్సర్న్?" అన్నారు. తెలుగులో చెప్పొచ్చా సార్ అన్నాను. ప్యానెల్లో ముగ్గురుంటే ఇద్దరికి తెలుగు వచ్చు. ఒకాయన గడియారం చూసుకున్నారు. ట్రై ఇన్ ఇంగ్లిష్ అన్నారు. "సార్, షాడో... నాట్ బ్లాక్" అని ఆగిపోయా. ఆరు నెలల పని మూడు మాటల్లో అయిపోయింది. నా తర్వాతివాడు మెమరీ, ఐడెంటిటీ, లిమినల్ స్పేస్ అని ఇరవై నిమిషాలు దంచాడు, అంతసేపూ ఒక్కరు కూడా కాన్వాస్ వైపు తిరగలేదు. వాడు నా దోస్తే. రాత్రి హాస్టల్లో "లిమినల్ అంటే ఏందిరా" అంటే "నాకూ పూరా తెల్వదు మామా, బరువుగ ఉందని వాడిన" అన్నాడు.

బొమ్మ గురించి మాట్లాడక్కర్లేదని నేను అనట్లేదు. ఆ పసుపు అక్కడెందుకు పెట్టావంటే జవాబు ఉండాల్సిందే, లేకపోతే అది ఉత్త చేతి పనితనమే. కానీ నేను ఏ భాషలో ఆలోచించి పెట్టానో ఆ భాషలో అడిగితే మీ సొమ్మేం పోతుంది? మన పెద్ద చిత్రకారుల్నే చూడండి, లక్ష్మాగౌడ్ గారిది మెదక్ వైపు నిజాంపూర్, తోట వైకుంఠం గారిది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. ఇద్దరూ బొమ్మల చదువుకి బరోడా వెళ్ళి, చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకొని, తిరిగొచ్చి తమ ఊళ్ళనే వేశారు. వైకుంఠం గారి బొమ్మల్లోని ఆడవాళ్ళకు మూలం చిన్నప్పుడు ఊళ్ళో నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళు. వాళ్ళ బొమ్మల్ని స్లైడ్లేసి మరీ పాఠం చెప్తారు. అట్లాంటి ఊరి నుంచే వచ్చిన పిల్లగాడు ఊరి భాషలో నోరు తెరిస్తే మాత్రం టైమ్ లేదు.

పాసై బయటికొచ్చినా అంతే. లెక్చరర్ కావాలంటే చాలామంది రాసేది నెట్ అనే అర్హత పరీక్ష, విజువల్ ఆర్ట్ పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. పోనీ బడిలో చెప్పుకుందామంటే, వందమంది దాటిన బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఆర్ట్ చెప్పే పార్ట్‌టైమ్ టీచర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. నేను తిరిగిన బళ్ళల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సార్ పీరియడే.

ఆఖరి డిస్‌ప్లేకి నాయిన వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, గుడి బొమ్మలు కదా. ఒక్కో కాన్వాస్ దగ్గర వంగి చూసి, ఏడోదాని దగ్గర ఆగి "ఈ మూలకు రంగు పలుచగ పట్టిచ్చినవు, కావాల్ననే పెట్టినవా, అయిపోయిందా?" అన్నాడు. రెండేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. అయిపోయింది నాయినా అన్నా. "మరి కనబడుతుంది" అన్నాడు.

దేవరకొండ పిల్లగాడికి నోట్ పంపలేదు. ఆదివారం కాన్వాసులు పట్టుకొని రా, ఒక్కో బొమ్మ ముందు నిలబడి నీకు తోచింది తెలుగులో చెప్పు, ఫోన్లో రికార్డు చేద్దాం, ఇంగ్లీషు సంగతి తర్వాత ఇద్దరం కూర్చొని చూద్దాం అన్నా. "పెద్దవి అన్నా, బస్సుల పట్టవు" అన్నాడు. ఫ్రేముల నుంచి ఊడదీసి చుట్టుకొని రా, రంగు బయటివైపు ఉండేటట్టు చుట్టు, లోపలికి పెడితే పగుళ్ళిస్తది అని చెప్పా.