బాల్కనీ ట్రేలో కొలువున్న బోన్సాయ్ మర్రి గారికి, ఈ ఇంటి ఇల్లాలు రాయునది

మర్రి గారూ, నమస్కారం. తమరు క్షేమమని తలుస్తాను అని రాయక్కర్లేదు, తమరి క్షేమ సమాచారం మా ఇంట్లో కాఫీ కంటే ముందే వచ్చేస్తుంది. మా ఆయన లేవగానే కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా బాల్కనీలోకి వెళ్ళి తమరి ట్రేలో వేలు పెట్టి, తడి ఉందో లేదో తేల్చాకే ఇంట్లో మిగతా ప్రాణులకి తెల్లారుతుంది. మొన్నామధ్య నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడమని నేనే గుర్తు చెయ్యాల్సి వచ్చింది, సరే అది మా ఇంటి గొడవ.

అసలు విషయం తమరి వంశం గురించి. తమరు మా ఇంటికొచ్చిన రోజు నుంచి గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ మా ఆయన చెప్తున్నారు, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కు ఎక్కిందని, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వయసు 700 ఏళ్ళంటారని, 2018లో దానికి పురుగు పడితే సెలైన్ బాటిళ్ళు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారని. ఒప్పుకుంటా, గొప్ప వంశమే. కానీ ఆ వంశంలో ఇంకో శాఖ గురించి మాత్రం మా ఆయన ఎవరికీ చెప్పరు. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ మీద, మూడో ఫ్లోర్ డ్రైనేజీ పైపు పక్కన, తమరి సొంత దాయాది ఒకాయన ఉన్నారు. ఏ కాకో మర్రిపండు తిని రెట్ట వేస్తే అక్కడ పుట్టారు. మట్టి లేదు, కుండీ లేదు, నీళ్ళు పోసిన మనిషి లేడు, మే నెల ఎండలో సిమెంటు కాలిపోతున్నా సరే నిగనిగలాడుతూ కొత్త చిగురు వేస్తారు. ఆయన్ని చంపడానికి అసోసియేషన్ మీటింగులో తీర్మానం పాస్ చేసి, తాడు కట్టుకుని దిగే మనిషికి కూలి, యాసిడ్ ఖర్చు అని మెయింటెనెన్స్‌లో కలిపేశారు. అంటే నేను ఒక మర్రి చావడానికీ డబ్బు కడుతున్నా, ఇంకో మర్రి బతకడానికీ కడుతున్నా. ఆయన చెయ్యి నరికితే రెండు చేతులు మొలిపించుకుంటారు, తమరికి ఒక్క ఆకు పండుబారితే మా ఆయన ఆఫీసుకి హాఫ్ డే లీవ్.

పైగా తమరికి మట్టి పడదట! మా ఊళ్ళో పెరట్లో బంగినపల్లి దగ్గర్నుంచి బచ్చలి దాకా అన్నీ ఆ మామూలు మట్టిలోనే పెరిగాయండీ. తమరికి మాత్రం నీళ్ళు నిలబడకూడదు కాబట్టి ఇటుక ముక్కలు కొట్టి, ముతక ఇసుక కడిగి, కొంచెం వర్మీకంపోస్ట్, కొంచెం వేపపిండి కలిపి, అదంతా సైజుల వారీగా జల్లించి వెయ్యాలి. జల్లెడ ఎవరిది? నాది. మైదా జల్లించుకునే జల్లెడలో ఇటుక పొడి కనిపించిన రోజు మా ఇంట్లో జరిగిన సంభాషణ తమరు బాల్కనీలోంచి విన్నారనే అనుకుంటా. వానాకాలం మొదట్లో తమరిని ట్రేలోంచి తీసి, వేళ్ళు దువ్వి, మూడో వంతు కత్తిరించి మళ్ళీ కూర్చోబెట్టడం ఒక పెద్ద ఆపరేషన్, ఆ రోజు ఇంట్లో ఫ్యాన్ కూడా వెయ్యనివ్వరు, వేళ్ళు ఆరిపోతాయట. కోసిన చోట పాలు కారతాయి కదా, అది నా కాటన్ చీరకి అంటుకుని ఇప్పటికీ పోలేదు. గాయాలకి పసుపు అద్దుతారు. నాకు కత్తిపీట తెగినప్పుడు పసుపు డబ్బా ఎక్కడుందో ఆయనకి తెలీదు, అప్పటికి తమరు ఇంకా రాలేదు లెండి.

ఇక తమరి భోజనం. 19:19:19 అనే రసాయన ఎరువు నీళ్ళలో కలిపి పోస్తే చాలని నర్సరీవాళ్ళే చెప్పారు, తెల్లటి పొడి, వాసన లేదు, గొడవ లేదు. అది బ్యాచిలర్ల భోజనమట, తమరికి ఇంటి వంట కావాలి, ఆవచెక్క కావాలి. ఆవనూనె తీశాక మిగిలిన చెక్కని బకెట్‌లో నానేసి మూతపెట్టి రోజుల తరబడి పులియబెట్టడం అనే ప్రక్రియని కనిపెట్టిన మహానుభావుడికి ముక్కు ఉండి ఉండదు. మొదటి రోజు పెద్దగా తెలీదు, పాత పచ్చడి జాడీ తీసినట్టు ఉంటుంది అంతే. తర్వాత మీద నురగ కడుతుంది, బుడగలు వస్తాయి, మూత తీసినప్పుడల్లా ఒక ఆవిరి లేచి హాల్లో కర్టెన్లకి పట్టేస్తుంది. పై ఫ్లాట్ ఆంటీ ఎలుక చచ్చిందని రెండుసార్లు వాచ్‌మన్‌ని పంపారు. కింద ఫ్లాట్ వాళ్ళు ప్లంబర్‌ని పిలిచి డ్రైనేజీ లైన్ విప్పించారు. ఆ ప్లంబర్ పైపులన్నీ వాసన చూసుకుంటూ సరిగ్గా మా బాల్కనీ కింద ఆగి పైకి చూశాడు, మా ఆయన అదే టైముకి ఆ నీళ్ళని పదింతల నీళ్ళతో కలిపి పల్చటి టీ రంగు వచ్చిందా లేదా అని గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూస్తున్నారు. మనిషన్నవాడు ఏమనుకుంటాడు చెప్పండి. వాడు ఏమీ అనలేదు, ఫీజు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్రిచెట్టు కింద మరో మొక్క మొలవదు అని పెద్దవాళ్ళు అంటే ఐదెకరాల మర్రి గురించేమో అనుకున్నా, అడుగున్నర మర్రికి కూడా ఆ పవర్ ఉందని తెలీలేదు. తూర్పు ఎండ తమరికి కావాలని నా కరివేపాకు కుండీ లిఫ్ట్ పక్కకి పోయింది, అక్కడ పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తలో రెమ్మ తుంచుకుని ఇప్పుడది పుల్ల. పుదీనా టబ్బు బాత్రూం కిటికీలోకి మారింది, దాంతో పచ్చడి చెయ్యాలంటేనే నాకు మనసొప్పట్లేదు. వంపు తిరగాలని అల్యూమినియం వైరు చుట్టిన తమరి కొమ్మలు ఎవరి బట్టలు తగిలినా కదలకూడదు కాబట్టి బట్టల తీగ కూడా తీసేశారు. ఆ వైరు అయినా పెట్టి ఊరుకోవడానికి లేదు, కొమ్మ లావెక్కి వైరు బెరడులోకి దిగేలోపు విప్పాలి, అందుకని రాత్రి పూట ఫోన్ టార్చ్ వేసి చెకింగ్. ఎదురు బ్లాక్ వాళ్ళు మా ఇంట్లో దొంగలు పడ్డారనుకున్నారు.

దొంగలంటే గుర్తొచ్చింది. 2019లో జపాన్‌లో టోక్యో పక్కన సైతామాలో ఒకళ్ళ తోటలో బోన్సాయ్‌లు ఎత్తుకెళ్ళారు, అందులో ఒకటి 400 ఏళ్ళ జునిపర్ చెట్టు. పాపం ఆ ఇంటివాళ్ళు ఆన్‌లైన్‌లో దొంగల్ని బతిమాలుకున్నారు, మా చెట్లకి దయచేసి నీళ్ళు పొయ్యండి అని. మా ఆయన ఆ వార్త చదివి కర్చీఫ్ తీశారు. నన్నెవరైనా ఎత్తుకెళ్తే నాకు పొద్దున్నే కాఫీలో పంచదార తక్కువ వెయ్యాలని ఈయన పోస్ట్ పెడతారా అని అడిగా, నవ్వేసి ఊరుకున్నారు, సమాధానం ఇంకా పెండింగ్. ఇంకో కథ కూడా చుట్టాలందరికీ బైహార్ట్ అయిపోయింది, 1625 నుంచి పెంచుతున్న పైన్ చెట్టొకటి హిరోషిమా బాంబు పడినప్పుడు అక్కడికి ఓ రెండు మైళ్ళ దూరంలో గోడ చాటున ఉండి బతికిందని, 1976లో దాన్ని అమెరికాకి కానుకగా ఇచ్చారని, బాంబు సంగతి మాత్రం 2001లో ఆ ఇంటి మనవలు చూడ్డానికి వచ్చి చెప్పేదాకా అక్కడివాళ్ళకి తెలీనే తెలీదని. అణుబాంబుకి బెదరని జాతి కదా మీది, మరి నేను ఒక్క పూట నీళ్ళు మర్చిపోతే ఆ ఆకులు రాల్చడం ఏంటండీ, ఎవరికి చూపించడానికి? గోడ మీద దాయాది గారిని చూసి నేర్చుకోవచ్చుగా.

చూపించడం అంటే మరి తమరికి ఒక ఫ్రంట్ ఉంటుందట. మిగతా వైపుల నుంచి చూడకూడదని కాదు కానీ చూస్తే మా ఆయన వచ్చి భుజం పట్టుకుని ఇటు తిప్పుతారు. అతిథులు వచ్చినప్పుడు తమరు హాల్లోకి వేంచేస్తారు, టేకు స్టాండు మీద, కంటి ఎత్తులో, వెనకాల ఖాళీ గోడ ఉండాలి కాబట్టి మా పెళ్ళి ఫోటో దిగి బీరువా పైకి పోయింది. పక్కన చిన్న రాయి మీద గరిక, అది కూడా షోకే. రెండు రోజులు మించి లోపల ఉంటే వెలుతురు చాలక తమరికి సుస్తీ చేస్తుంది కాబట్టి మళ్ళీ ఊరేగింపుగా బయటికి. ఫోటో మాత్రం పైనే ఉండిపోయింది.

ఎండాకాలం ఊరు వెళ్ళడం మానేశాం. ఆ పల్చటి ట్రే హైదరాబాద్ ఎండకి పూటకోసారి ఆరిపోతుంది, రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్ళికి నేనొక్కదాన్నే వెళ్ళొచ్చా, ఆయనేమో వస్తూ వస్తూ కడియం నర్సరీల్లో ఒక చింత బోన్సాయ్ చూసి రమ్మన్నారు. పిల్లలు మైసూరు ప్యాలెస్ చూద్దామంటే సరే అన్నారు, ఆశ్చర్యపోయా, తీరా చూస్తే అక్కడ దత్తపీఠంలో బోన్సాయ్ తోట ఉందట.

ఇప్పుడు తమరిని షోకి పంపిస్తున్నారు కదా, ఫారం నేనే చదివా. చెట్టు వయసు అన్న చోట 40 ఏళ్ళు అని రాశారు, నర్సరీ అతను చెప్పాడట. మొక్కని నేలలో నాటి బాగా తినిపించి కాండం లావెక్కాక పైన నరికేసి ట్రేలో పెడితే ఎవరికైనా 40 ఏళ్ళు కనిపిస్తాయి, అది నాకూ తెలుసు, నర్సరీ అతనికీ తెలుసు, తమరికి ఇంకా బాగా తెలుసు. నేను నోరు విప్పను. దానికి బదులు ఆ ఫారంలో యజమాని పేరు కింద కొంచెం ఖాళీ ఉంది, అక్కడ నీళ్ళు పోసినవారు అని నా పేరు పడాలి, ఫస్ట్ ప్రైజ్ వస్తే కప్పు ఆయనకి, క్యాష్ నాకు, అందులోంచి జల్లెడ డబ్బులు ముందే మినహాయించుకుంటా. ఒప్పుకుంటే రెండు చిగుళ్ళు వెయ్యండి, ఒప్పుకోకపోతే ఆ ఆవచెక్క బకెట్ ఎత్తి కింద పారబోసేది రేపే.

ఇట్లు,
తమరి జీతం లేని స్టాఫ్