అద్దం చూసుకుంటే అహంకారమేనా?

పదమూడేళ్ల అమ్మాయికి బుగ్గ మీద మొటిమ లేచింది. పొద్దుటి నుంచి పదిసార్లు అద్దం ముందుకెళ్లింది. అదే రోజు ఒక ప్రశ్నావళి ఇచ్చి, అద్దంలో చూసుకోవడం ఇష్టమా, పెద్దగా పట్టించుకోవా, రెండింట్లో ఒకదానికి టిక్ పెట్టమంటే ఏం పెడుతుంది? బహుశా మొదటిదే. నార్సిసిజం, అంటే తనను తాను అతిగా గొప్పగా భావించుకునే స్వభావం, దాని లెక్కలో ఒక మార్కు పెరుగుతుంది. కానీ ఆ పిల్లను అద్దం దాకా లాక్కెళ్లింది గర్వం కాదు, టెన్షన్.

ఇది నేను కల్పించిన ప్రశ్న కాదు. 1979లో రాస్కిన్, హాల్ అనే మనస్తత్వ పరిశోధకులు నార్సిసిజాన్ని కొలవడానికి తెచ్చిన ఎన్‌పీఐ (నార్సిసిస్టిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ) ప్రశ్నావళిలోది. 1988లో అది 40 జతల వాక్యాలుగా స్థిరపడింది. ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించి తయారుచేసిన కొలత అది. పిల్లల కోసం పది ప్రశ్నల స్కేలు 2008లో గానీ రాలేదు.

మగవాళ్లలో నార్సిసిజం ఎక్కువని తరచూ వింటాం. 2015లో దాదాపు 4.75 లక్షల మంది స్కోర్లను కలిపి చూస్తే తేడా ఉన్నమాట నిజమే, కానీ చిన్నది. అదీ అన్నిచోట్లా లేదు. ఇతరులను వాడుకోవడం, అన్నీ తనకే దక్కాలనుకోవడం, పెత్తనం కోరుకోవడం, వీటిలో కనిపించింది. తనను తాను ప్రదర్శించుకోవడంలో దాదాపు లేదు. చిన్న మాటకే గాయపడి లోపల కుమిలే రకం నార్సిసిజంలోనూ అంతే. మొత్తం మార్కు ఒక్కటే చూస్తే ఇవన్నీ కలగలిసిపోతాయి. పైగా "నాయకత్వం నాకిష్టం" అన్న అబ్బాయిని మెచ్చుకుని, అదే మాటన్న అమ్మాయిని మందలించే ఇంట్లో ఆమె కాగితం మీద మాత్రం నిజం చెబుతుందా?

సంస్కృతి మారితే చిక్కు ఇంకా ముదురుతుంది. అనువాదం మాటను దాటిస్తుంది, దాని బరువును దాటించలేదు. "నేను ప్రత్యేకం" అనడం ఒకచోట పిల్లలకు నేర్పే మాట, మరోచోట సిగ్గుపడాల్సిన మాట. మధ్యలో ఒక గడి ఉన్న ప్రశ్నావళి ఇస్తే, కొన్ని సమాజాల్లో గట్టిగా అవుననో కాదనో అనకుండా ఆ మధ్య గడి ఎంచుకోవడమే అలవాటు.

అందుకే పోలికకు ముందు ఒక పరీక్ష ఉండాలి. స్వభావం ఒకే మోతాదులో ఉన్న ఇద్దరు పిల్లలు, ఏ ఊరివారైనా, ఆడైనా మగైనా, ఆ ప్రశ్నకు అవునని చెప్పే అవకాశం సమానంగా ఉందా? లేకపోతే సగటు మార్కులు పోల్చడం తప్పు. దీన్ని పట్టించుకుంటే ఫలితాలే తారుమారు కావచ్చు. అమెరికాలో యువత నార్సిసిజం పెరిగిపోతోందని ఏళ్ల తరబడి అన్నారు. మూడు విశ్వవిద్యాలయాల్లో 1990ల నుంచి సేకరించిన జవాబులను 2017లో ఇలా సరిచూస్తే, పెరగకపోగా కాస్త తగ్గినట్టు తేలింది.

గణితం ఒక్కటే చాలదు. ఎదిగే వయసు పిల్లలకు ఒక ముద్ర పడితే ఏళ్లపాటు వెంటాడుతుంది. ప్రశ్నావళి పంచే ముందు కొంతమంది పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి, ఈ వాక్యం చదవగానే నీకేం గుర్తొచ్చిందని అడగాలి. ఆ అమ్మాయి మొటిమ గురించి చెబుతుంది. అప్పుడు ఆ ప్రశ్నను తీసేయడమో, తిరగరాయడమో చేయాలి.