మా జిమ్ము వెబ్‌సైటు గారికి ఒక సెలవు చీటీ

మహారాజశ్రీ కూకట్‌పల్లిలోని మా జిమ్ము వెబ్‌సైటు గారికి, ఏడాది ఫీజు ముందే కట్టేసిన సభ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, నా ఎడమ మోకాలు అందుకు ఒప్పుకోవడం లేదు. స్క్వాట్లు తీస్తుండగా అది పట్టేసింది. నెల రోజులు జిమ్ము గడప తొక్కవద్దని డాక్టరు గారు ఆజ్ఞాపించారు. అటువంటి నెలను ప్యాకేజీలో లెక్కపెట్టకుండా 'ఫ్రీజ్' చేసుకోవచ్చని చేరిననాడు నాకు చెప్పారు కనుక, ఆ సెలవు కోసమే తమ గుమ్మంలోకి వచ్చాను.

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెతను తమరు పాటించినంత నిష్ఠగా ఏ అత్తవారిల్లూ పాటించి ఉండదు. చేరబోయేవాడు కొత్త అల్లుడు. అతని కోసం కండలు తిరిగిన యువకులు తెర మీద వరుసగా వచ్చి పోతుంటారు, 'ఈ ఆఫర్ ఇంకా 15 నిమిషాలే' అంటూ ఒక ఎర్రటి గడియారం వెనక్కి నడుస్తుంటుంది, పేజీ మూసి తెరిస్తే అది ఏమాత్రం సిగ్గుపడకుండా మళ్ళీ 15 దగ్గరే మొదలవుతుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాల్లో 13 రకాల 'డార్క్ ప్యాటర్న్‌లు', అంటే వినియోగదారుణ్ణి మభ్యపెట్టే తెర మీది ఎత్తుగడలు, ఉన్నాయి. లేని తొందరను పుట్టించడం అందులో మొట్టమొదటిది. మొదటి పాఠం తమకు కంఠస్థమైనందుకు అభినందనలు.

ఇక పాత అల్లుడి సంగతి. ఆదివారం ఎన్నింటికి తెరుస్తారో చూద్దామంటే, తమ దగ్గర ఉన్నది ఎప్పటిదో సంక్రాంతి పోస్టరు, అదీ వేళ్ళతో పెద్దది చేసుకోవడానికి వీలు లేని బొమ్మ రూపంలో. ఆ ఒక్క సమాచారాన్నీ మా జిమ్ము వాచ్‌మన్ గేటు పక్కనున్న పలక మీద సుద్దముక్కతో రాసి పెడతాడు, మారినప్పుడు చెరిపి మళ్ళీ రాస్తాడు. అతను వెబ్ డిజైన్ చదువుకోలేదు.

లాగిన్ కావడానికి పుట్టిన తేదీ అడిగారు, సంతోషమే. నేను పుట్టింది 1971లో. అంకెలు టైపు చేయనివ్వకుండా తమరు ఈ నెల క్యాలెండరు ఒకటి చేతికిచ్చి, నెలకొక నొక్కు చొప్పున వెనక్కి నడవమన్నారు. లెక్క వేస్తే ఆరు వందల పైచిలుకు నొక్కులు. ఇందిరాగాంధీ హత్య జరిగిన 1984 దాకా ఓపిగ్గా వెళ్ళిన తరువాత బొటనవేలు జారి క్యాలెండరు పక్కన తగిలింది. అంతే, అది మూసుకుపోయి, తెరిస్తే మళ్ళీ ఈ నెలలోనే నిలబెట్టింది. మోకాలికి విశ్రాంతి ఇమ్మన్న డాక్టరు గారు బొటనవేలి సంగతి చెప్పలేదు.

ఎట్టకేలకు లోపలికి వెళితే, ఫ్రీజ్ బటన్ పేజీ అట్టడుగున, తెల్లటి నేల మీద బూడిద రంగు అక్షరాలతో కనిపించీ కనిపించకుండా ఉంది. మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనకున్న రంగుకు మధ్య వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి; తమరు ఆ బటన్‌ను గొడుగు పట్టినట్టు ఒక ఆకుపచ్చ చాట్ బుడగతో కప్పారు కూడా. నేను నొక్కింది బటన్‌నే, తెరుచుకున్నది బుడగ. 'ఫ్రీజ్' అని టైపు చేస్తే ఐస్ బాత్ వల్ల కలిగే లాభాలను ఏకరువు పెట్టింది. ఫోను అడ్డంగా తిప్పి, బుడగ పక్కకు తప్పుకున్న క్షణంలో గబుక్కున నొక్కితే రెండు జవాబులు ప్రత్యక్షమయ్యాయి: 'వద్దు, నేను పోరాడతాను' అన్నది పెద్ద నారింజ రంగు పెట్టెలో, 'అవును, నేను బద్ధకస్తుణ్ణి' అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో. వినియోగదారుణ్ణి సిగ్గుపరచి దారి మళ్ళించడం కూడా ఆ పదమూడింటిలోనే ఉంది. సరే, యాభై దాటినవాడికి ఈ వయసులో మానమేమిటని బద్ధకస్తుణ్ణే నొక్కాను. అప్పుడు వచ్చిన సందేశం ఇది: 'ఫ్రీజ్ కోసం దయచేసి మీ శాఖకు స్వయంగా రండి.'

శాఖ రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు.

నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. పనివేళలు బొమ్మగా కాక అక్షరాలుగా, పేజీ పైనే ఉండాలి. పుట్టిన తేదీని టైపు చేయనివ్వాలి. చేరడానికి పేరు, ఫోను నంబరు, యూపీఐ చాలినప్పుడు, నెల రోజులు ఆగడానికీ అంతే చాలాలి. ఫ్రీజ్ అయిందని, ప్యాకేజీ గడువు ఫలానా తేదీకి జరిగిందని వెంటనే ఒక సందేశం రావాలి. పాత సభ్యులకు ఏం కావాలో తమకు సందేహముంటే, గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఒక గంట కూర్చోబెట్టుకుని, రోజూ జనం అతన్ని ఏమేం అడుగుతున్నారో రాసుకోండి. అతనికి టీ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఈ చీటీని తమ 'మమ్మల్ని సంప్రదించండి' పెట్టెలోనే వేస్తున్నాను. అది 200 అక్షరాలకు మించి తీసుకోదు కనుక ముక్కలు ముక్కలుగా పంపుతున్నాను. ఇది చివరి ముక్క.

ఇట్లు,
'సెషన్ ముగిసింది, మళ్ళీ పుట్టిన తేదీ ఇవ్వండి' అని తమరు అనేలోగా సంతకం పెట్టేస్తున్న,
తమ విధేయ సభ్యుడు