గునుగును మింగింది బతుకమ్మ కాదు

పెత్రమాస (భాద్రపద అమావాస్య) దగ్గరపడగానే మా నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇది: "బతుకమ్మ కోసం ఎడాపెడా కోయడం వల్లే గునుగు, తంగేడు అంతరించిపోతున్నాయి. తంగేడు రాష్ట్ర పుష్పం, కోస్తే నేరం. ఈసారి ప్లాస్టిక్ పూలతో పేర్చండి, విత్తన బంతులు విసరండి." రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. చెలకల్లో గునుగు తగ్గిందన్న మాటా నిజమే. దోషిని మాత్రం తప్పుగా పట్టుకున్నారు.

కోతతో పోతోందన్న మాట ముందు చూద్దాం. గునుగు తొలకరికి మొలిచి, పూసి, గింజ రాల్చి చలికాలంలో ఎండిపోయే మొక్క. కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొనలో గులాబీ రంగు పోకముందే, అడుగున తెల్లబడిన పూలలో గింజ ముదురుతుంటుంది. అలాంటి కంకిని అరచేతిలో నలిపి చూడండి. ఆవగింజకన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. కోసి కట్ట కట్టి ఇంటికి తెచ్చేలోపే కొన్ని అక్కడే పడిపోతాయి. ఇక తంగేడు ఏళ్ల తరబడి బతికే పొద. చిటారు గుత్తులు తుంచితే చచ్చే రకం కాదు. తోళ్లు పదును చేయడానికి తరతరాలుగా చెక్క ఒలిచినా గుట్టల మీద నిలబడిన మొక్క అది. పట్నం అడ్డాలకు ఆటోల కొద్దీ కట్టలు పోయే ఊళ్లలో ఒకే చెలకను ఊడ్చినట్టు కోస్తే మరుసటేడు పలచబడొచ్చు. ఆ మేరకు మెసేజ్‌కు ఒక మార్కు వేయొచ్చు, అంతకు మించి కాదు.

మరి ఎటు పోయింది? గునుగును అడవి పువ్వు అంటాం గానీ, మన దగ్గర అది చెలకను నమ్ముకున్న పువ్వు. జొన్న, సజ్జ, ఆముదం, కంది వేసిన ఎర్రనేలల్లో, గుంటుక తోలినా తప్పించుకుని సాళ్ల మధ్యా గెట్ల మీదా లేచేది. రైతుకు కలుపే, కాదనను. కానీ లేత ఆకు కూరకు పనికొచ్చేది, పూత పండుగకు పనికొచ్చేది, అందుకే వేరు దాకా పగబట్టినవాళ్లు తక్కువ. దేవరకొండ, మునుగోడు వైపు ఆ చెలకల్లో ఎక్కువ భాగం పత్తికి మారింది. పత్తిలో వెడల్పాకు కలుపును చంపడానికి పైరిథయోబాక్ సోడియం లాంటి మందులు వచ్చాయి. గునుగుదీ వెడల్పాకే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన చోట, బోర్లు పడిన చోట మెట్ట కాస్తా మడి అయింది. నీళ్లు నిలిచిన మడిలో గునుగు లేవదు. మిగిలింది గెట్టు. దాని మీదా గడ్డిమందే. ఆ గడ్డిమందుల్లో ఒకటైన గ్లైఫోసేట్‌ను తెగుళ్ల నియంత్రణ (పెస్ట్ కంట్రోల్) ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా వానకాలం నడిమధ్యలో గెట్లు ఎర్రగా మాడి కనిపిస్తూనే ఉన్నాయి. మందుకు పోయిన జాగాలో వయ్యారిభామ అనే కలుపు దిగుతుంది. తంగేడుకు వచ్చిన కష్టం వేరు. రోడ్డు వెడల్పు పనులు, గుట్టను చదును చేసే వెంచర్లు. జేసీబీ పొదను వేళ్లతో సహా లేపుతుంది. చిబ్బి పట్టుకుని పూలకు పోయే ఆడవాళ్లు చేసేది అది కాదు.

"కోస్తే నేరం" అన్నది వట్టి మాట. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అది గౌరవమే తప్ప చట్టపు రక్షణ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షిత మొక్కల పట్టిక విడిగా ఉంది, అందులో తంగేడు లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి పోయి కోసుకొస్తామంటే మాత్రం ఆ కథ వేరు.

ప్లాస్టిక్ పూల సలహాకు జవాబు అక్కర్లేదు. సద్దుల బతుకమ్మ మర్నాడు చెరువు గట్టుకు పోయి తేలే ప్లాస్టిక్‌ను చూస్తే చాలు.

విత్తన బంతుల (గింజ పెట్టిన మట్టి ఉండల) దగ్గర నాకు పేచీ ఎక్కువ. ఇక్కడ కరువైంది గింజ కాదు, జాగా. బంతి విసిరిన గెట్టు మీదే వచ్చే ఏడు మందు కొడితే ఏం లాభం? తంగేడు గింజ పొట్టు గట్టిది. వేడినీళ్లలో నానబెట్టడమో కాస్త గీకడమో చేయకపోతే చాలా గింజలు ఊరికే పడి ఉంటాయి. పైగా ఆన్‌లైన్‌లో "వైల్డ్‌ఫ్లవర్" పేరుతో అమ్మే పొట్లాల్లో మెక్సికో నుంచి వచ్చిన కాస్మోస్ లాంటివి ఉంటాయి. వాటిని గుట్టల మీద చల్లి మన పూలను కాపాడామనుకోవడం వింతే. రెండు బారల గెట్టును మందు లేకుండా వదిలి, ముదిరిన నాలుగు కంకులు అక్కడే దులిపితే దానికన్నా ఎక్కువ పని జరుగుతుంది.

ఇంతకీ చేయి అడ్డం పెట్టాల్సిన పువ్వు ఒకటుంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు. నల్లమలలో వానకాలం పూసే అడవినాభి. ఆకు కొసే తీగలా చుట్టుకుని పక్క పొదను పట్టుకుంటుంది, పసుపు-ఎరుపు రేకలు మంటలా పైకి విరుచుకుంటాయి. ఔషధాల వ్యాపారం కోసం దాని గడ్డ తవ్వుతారు. పువ్వు తుంచితే గడ్డ మళ్లీ మొలుస్తుంది, గడ్డే పోతే ఆ మొక్క అక్కడితో సరి. తమిళనాడులో గింజల కోసం దాన్ని పంటగానే వేస్తున్నారు, అడవిని తవ్వాల్సిన అవసరం లేదు. అందంగా ఉందని పెరట్లో పెట్టుకోవడానికి తవ్వి తెచ్చేవాళ్లకు ఇంకో మాట: గడ్డలోనూ గింజలోనూ కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, పొరపాటున నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.